తాత పెన్షన్ - ఇద్దరు అవ్వలు

"ఆ మిలిటరీ ఆయనకు నువ్వేమైతవమ్మా?"

1989లో ఒక ఆఫీసు కిటికీ దగ్గర గుమాస్తా ఇలా అడిగితే మా అవ్వ చాలాసేపు పలకలేదట. మొగుడి పేరు నోటితో చెప్పకూడదన్న అలవాటు ఒకటి. పదిహేడేళ్లుగా ఆ మొగుడు వేరే ఇంట్లో ఉన్నాడన్న సిగ్గు ఇంకొకటి. అన్నింటినీ మించి, ఆ పదిహేడేళ్లూ ఆయనతో కాపురం చేసిన చిన్నవ్వ అదే వరసలో వెనకే నిలబడి ఉంది. చివరికి తోడు వెళ్లిన మా నాన్నే, "మా అమ్మ సార్, ఆయన పెండ్లాం" అన్నాడట.

వెనకనుంచి చిన్నవ్వ, "మరి నేనెవర్ని?" అంది.

మా తాతది బోధన్ పక్కన పల్లె. నిజాంసాగర్ నీళ్లు, చెరకు తోటలు, 1937లో పెట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ - చుట్టుపక్కల మగపిల్లలకు బతుకుదారి అదే. తాత మాత్రం పెళ్లయిన మరుసటి ఏడు, 1954లో, పట్టాళంలో చేరాడు. 1965 యుద్ధం చూశాడు. జవానుకు 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్ వస్తుంది. ఆయన 18 ఏళ్లు చేసి 1972లో ఇంటికొచ్చాడు. ఇంటికంటే అవ్వ ఉన్న ఇంటికి కాదు. చిన్నవ్వను వెంటబెట్టుకుని శక్కర్‌నగర్‌లో దిగాడు. ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని దొరికింది.

"మీ అవ్వ నోరు పెద్దది, అందుకే ఆయన నిలవలేదు" - చిన్నప్పటినుంచీ మా ఇంట్లో నేను విన్న కథ ఇది. పెళ్లయి, నాకూ ఒక సంసారం ఏర్పడ్డాక ఓ రోజు అవ్వనే అడిగాను. "ఏమన్నవే అవ్వా అంతగనం?" అని.

అప్పుడు చెప్పింది. తాత జీతంలోంచి నెలనెలా ఇంటికి మనియార్డరు వచ్చేది. అది అవ్వ పేరున కాదు, ఆయన అన్న పేరున. ఉప్పుకీ నూనెకీ అవ్వ తోడికోడలి ముందు చెయ్యి చాచాలి. పిల్లవాడికి జ్వరమొస్తే బావగారి దయ. ఒకనాడు పోస్టుమాన్ ఎదురుగానే, "నా మొగని పైసలు నా చేతికెందుకు రావు?" అని అడిగేసిందట. అంతే! ఆ ఒక్క మాటకి నోరు పెద్దదన్న పేరు బతికినన్నాళ్లూ మిగిలింది.

నిజానికి సిపాయి తన భార్యాపిల్లల్ని పోషించకపోతే అతని జీతంలోంచి కొంత విరిచి వాళ్లకిప్పించే వీలు 1950 ఆర్మీ చట్టంలోనే ఉంది. యూనిట్‌కి ఒక అర్జీ పెట్టుకుంటే విచారణ జరిగేది. చదువురాని అవ్వకి ఆ సంగతి చెప్పేదెవరు? బావగారు చెబుతారా!

తాత పోయాక అసలు తగవు మొదలైంది. పట్టాళంలో చేరేటప్పుడు తనకు పెళ్లయిందనే ఆయన రాయించలేదు. తర్వాత భార్య అన్నచోట చిన్నవ్వ పేరు రాయించాడు. హిందూ వివాహ చట్టం 1955 మే 18 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత మొదటి భార్య ఉండగా చేసుకున్న పెళ్లి చెల్లదు. కాబట్టి హక్కు అవ్వదే. కాగితం మాత్రం చిన్నవ్వది. పందిట్లో తాళి కట్టిన పెళ్లికి రుజువేదీ? ఊరి పెద్దలిద్దరు అఫిడవిట్లిచ్చారు. మా నాన్న బడి సర్టిఫికెట్టు, ఓటర్ల జాబితా వెతికి పెట్టారు. మూడేళ్లు తిరిగాక, 1992లో అవ్వ పేరున ఆర్డరు వచ్చింది. 1986 నుంచి కుటుంబ పెన్షన్ కనీసం నెలకు 375 రూపాయలుండేది. ఇప్పుడు నవ్వొచ్చే మొత్తం. అప్పట్లో అది అవ్వకు తమ్ముడి ఇంట్లో తలెత్తుకుని అన్నం తినే ధైర్యం.

ఆ రోజుల్లోనే సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటి తగవులు వచ్చాయి. రైల్వేలో పనిచేసిన ఒకాయన భార్యతో పడక, తన తదనంతరం రావలసినవన్నీ తమ్ముడికే చెందాలని వీలునామా రాసి చనిపోయాడు. ఆయన భార్య వయొలెట్ ఐజక్ కోర్టుకెళ్లింది. కుటుంబ పెన్షన్ చనిపోయినవాడి ఆస్తి కాదు, వీలునామాతో మరొకరికి రాసిచ్చే హక్కు అతనికి లేదు అని 1991లో తీర్పు వచ్చింది. అంతకుముందు 1989లో భగవంతి అనే ఆమె కేసు. ఆమె భర్త ఆర్మీలో సుబేదారు. రిటైరయ్యాక ఆమెను పెళ్లాడాడు. సర్వీసులో ఉన్నప్పుడు చేసుకోలేదు కాబట్టి పెన్షన్ లేదన్నారు. అది అన్యాయమని కోర్టు తేల్చింది.

అమెరికాలో అయితే 1899లోనే ఒక చట్టం చేశారు. సిపాయి పెన్షనరు భార్యను వదిలేస్తే, అతను బతికుండగానే ఆ పెన్షన్లో సగం ఆమెకు. కాకపోతే ఆమె అవసరంలో ఉండాలి, నడవడి మంచిదై ఉండాలి. మా అవ్వకి ఆ సగమూ వచ్చేదో లేదో మరి, నోరు పెద్దదన్న పేరుందిగా!

అవ్వ గెలిచిందని మా ఇంట్లో సంతోషించారు. నాకు మాత్రం ఆ సంతోషం సగమే. తాత మంచాన పడితే ఎత్తి దించింది చిన్నవ్వ. ఆయనకు పెళ్లయిందన్న సంగతి ఆమెకు శక్కర్‌నగర్ వచ్చాకే తెలిసింది. ఆయన పోయేనాటికి పదకొండేళ్ల కూతురు. అంటే నాకు మేనత్త. తల్లీకూతుళ్లిద్దరూ బీడీలు చుట్టి బతికారు. అత్తకి పదిహేడేళ్లకే పెళ్లి చేసేశారు. రెండో పెళ్లి చెల్లకపోయినా ఆ పిల్లలకు మేజరయ్యేవరకు కుటుంబ పెన్షన్లో వాటా ఉందని రామేశ్వరీదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది 2000లో. అప్పటికి అత్త చంకలో మూడేళ్ల కొడుకు.

అవ్వ చిన్నవ్వకి ఒక్క రూపాయీ ఇవ్వలేదు. దాచడమెందుకు, నేనడిగితే, "ఎందుకియ్యాలె?" అంది. 2011లో అవ్వ పోయినప్పుడు చిన్నవ్వ వచ్చి గుమ్మం బయటే కూర్చుని, అన్నం తినకుండా వెళ్లిపోయింది.

మీ ఇంట్లో సిపాయి ఉంటే పెన్షన్ ఆర్డరు ఒకసారి తీసి చూడండి. అందులో భార్య పేరు ఉందా, ఆధార్‌లో ఉన్నట్టే ఉందా? 2016 నుంచి కుటుంబ పెన్షన్ కనీసం 9,000 రూపాయలు. తేడా ఉంటే ఆయన బతికుండగా దిద్దించడం తేలిక. నిజామాబాద్‌లో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది, దారి చెబుతారు.

మా అత్త కొడుకు కూడా ఇప్పుడు ఆర్మీలోనే ఉన్నాడు. పోయినేడు పెళ్లయింది. పెళ్లయితే యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డర్ వేసి భార్య పేరు ఎక్కిస్తారు. సెలవైపోయి రైలెక్కేదాకా అత్త వాణ్ని వదల్లేదు. "పోంగనే కోడలి పేరు ఎక్కియ్యాలె. కాగితం ఫోటో దీసి పంపాలె. నోటిమాట నేను నమ్మ" అంది. వాడు నెల తిరక్కుండా పంపాడు. పిల్ల పేరులో ఒక అక్షరం తప్పు పడింది. అది దిద్దించేదాకా రోజూ ఫోన్ చేస్తూనే ఉంది అత్త.