నిటారు కొండదారులలో సైకిలు ప్రయాణము
(చంద్రపూరు సీమకు అన్వయించిన ఒక పరిశీలనము)

చంద్రపూరు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 190 మీటర్ల ఎత్తున నున్న సమతల ప్రదేశము. బొగ్గు గనులును, బల్లార్పూరు కాగితపు మిల్లును, సిమెంటు కర్మాగారములును గల యీ సీమలో పనివారికి సైకిలు చిరకాలముగా అక్కరకు వచ్చిన వాహనము. కాని పట్టణము విడిచి దక్షిణముగా సాగి, బల్లార్పూరు మీదుగా వార్ధానదిని దాటి, రాజురా, గడ్‌చాందూర్ మార్గమున పోవువానికి భూస్వరూపము మారుట గోచరించును. గడ్‌చాందూర్‌కు ఆవల మాణిక్‌గఢ్ కొండలు లేచును. ఆ కొండలమీదనే జివతి గ్రామము, దాని పేర నేర్పడిన తాలూకా కలవు.

ఈ కొండలు తెలుగువారికి క్రొత్తవి కావు. రాజురా ప్రాంతము 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో భాగముగా నుండెను. రాష్ట్రముల పునర్విభజనలో అది బొంబాయి రాష్ట్రమునకు చెంది, 1959లో చాందా జిల్లాలో చేరినది. కొండలకు ఆవలివైపున నేడు తెలంగాణములోని కొమరంభీం జిల్లా కలదు. కావున చంద్రపూరులోని తెలుగు సైకిలుదారునకు తన యింటికి దగ్గరగా నున్న కొండదారి ఒకప్పుడు ఆదిలాబాదు సీమదే.

సమతలమున నలుబది కిలోమీటర్లు అలుపులేక తొక్కగల యువకుడు ఇట్టి యెక్కుడు నారంభించిన కొలది నిమిషములకే బండి దిగి నిలుచుట సామాన్యముగా జరుగును. "నా కాళ్ళలో బలము చాలలేదు" అని అతడు తలంచును. ఈ తలంపు చాలవరకు పొరపాటు. లోపము బలమున గాక, సమతలమున అలవడిన పద్ధతిని మార్పులేక కొండపై ప్రయోగించుటలో నున్నది. ఈ విషయమును లెక్కతో నిరూపించి, తదుపరి ఆచరణ విధానమును వివరించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వాలు అనగా నేమి?

నూరు మీటర్ల సమతల దూరమునకు దారి పది మీటర్లు లేచినచో దానిని పది శాతపు వాలు అందురు. కంటికి ఇది అల్పముగా తోచును. కాలికి అట్లు తోచదు. భారత రోడ్డు కాంగ్రెసు వారి నియమముల ననుసరించి పర్వత ప్రాంతపు రోడ్లకు సాధారణముగా 5 లేక 6 శాతము వాలు తగినది. అసాధారణ పరిస్థితులలో 7 లేక 8 శాతము వరకు అంగీకరింతురు. ఈ నియమములకు లోబడక వేసిన పాత దారులును, గ్రామములకు పోవు చిన్న దారులును అంతకంటె నిటారుగా నుండవచ్చును. న్యూజిలాండు దేశమున డునెడిన్ నగరములోని బాల్డ్విన్ వీథి సుమారు 35 శాతపు వాలుతో లోకప్రసిద్ధి చెందినది.

సగటు వాలును చూచి మోసపోరాదు. తిరుమల సముద్రమట్టమునకు సుమారు 850 మీటర్ల ఎత్తున నున్నది. దిగువ తిరుపతినుండి లెక్కించిన ఆ ఎక్కుడు సుమారు 700 మీటర్లు. ఘాటు రోడ్డు పొడవు సుమారు 18 కిలోమీటర్లగుటచే సగటు వాలు 4 శాతము మాత్రమే. అయినను ఆ దారిలో మలుపు మలుపునకు వాలు మారుచుండును. మెత్తని భాగములు సగటును తగ్గించును గాని, నిటారైన భాగమున తొక్కువానికి ఆ సగటు తోడ్పడదు. ప్రయాణమునకు ముందు తెలిసికొనవలసినది సగటు వాలు కాదు. మిక్కిలి నిటారైన భాగ మెక్కడ నున్నది, అది ఎంత పొడవు అనునవియే.

పని, బలము, గేరు

మనుష్యుడును బండియు కలిసి 80 కిలోల బరువనుకొందము. సమతలమున గంటకు 20 కిలోమీటర్ల వేగముతో పోవునప్పుడు గాలియు నేలయు కలిగించు నిరోధము సుమారు ఒకటిన్నర కిలో బరువును లాగుటతో సమానము. పది శాతపు వాలులో బరువే వెనుకకు లాగుటచే, గాలి నిరోధము దాదాపు లేకున్నను, ఆ లాగుడు ఎనిమిది కిలోలకు పైబడును. అనగా చక్రమును ముందునకు నెట్టుటకు కావలసిన బలము ఐదారు రెట్లు పెరిగినది. కాలిబలము మాత్రము పెరుగలేదు. ఈ భేదమును పూరించునది గేరు.

ముందు పళ్ళచక్రమున 48, వెనుక పళ్ళచక్రమున 18 పళ్ళు గల సాధారణపు సైకిలును తీసికొందము. పెడలు ఒకసారి తిరిగిన బండి సుమారు 5.9 మీటర్లు సాగును. పది శాతపు వాలులో గంటకు 8 కిలోమీటర్ల వేగమునకు పెడలు నిమిషమునకు 23 మారులు మాత్రమే తిరుగును. ప్రతి త్రిప్పులోను పెడలుపై సగటున 46 కిలోల ఒత్తిడి ఉండవలెను. పెడలు పైనను క్రిందను ఉన్నప్పుడు కాలు సరిగా నొత్తజాలదు. అందుచే నడిమి స్థానమున ఒత్తిడి మనుష్యుని బరువును మించిపోవును. హ్యాండిలును గట్టిగా లాగి పట్టుకొని పెడలుపై నిలిచినగాని బండి కదలదు.

ఇప్పుడు ముందు 34, వెనుక 34 పళ్ళు గల గేరుల సైకిలును చూడుడు. పెడలు ఒక త్రిప్పునకు బండి 2.1 మీటర్లు సాగును. అదే వాలులో, అదే వేగమునకు పెడలు నిమిషమునకు 63 మారులు తిరుగును. సగటు ఒత్తిడి 16 కిలోలు మాత్రమే. పైకెక్కిన ఎత్తు ఒకటే, చేసిన పని ఒకటే. ఒక బండిలో ఆ పని కొలది పెద్ద తునుకలుగా వచ్చినది; వేరొక బండిలో అనేకములైన చిన్న తునుకలుగా వచ్చినది. కండరములు, మోకాళ్ళు రెండవ విధమును చాలసేపు సహింపగలవు, మొదటిదానిని సహింపజాలవు.

ఘాటు రోడ్డు నిర్మించు ఇంజనీరు చేయునది కూడ ఇదియే. కొండ ఎత్తును అతడు తగ్గింపలేడు. దారిని మలుపులు త్రిప్పి పొడిగించి, ఒక్కొక్క అడుగునకు పడు భారమును తగ్గించును. గేరు అనునది సైకిలుదారుడు తనవెంట తీసికొనిపోవు మలుపుదారి.

ఈ సత్యము పందెగాండ్రకును వెంటనే బోధపడలేదు. ఫ్రాన్సు దేశమున సెంట్ ఎతియెన్ నగరవాసి పోల్ ద వీవీ గేర్లు మార్చు సాధనములకై జీవితమంతయు ప్రచారము చేసెను. 1903లో టూర్ ద ఫ్రాన్స్ పందెమును ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ మాత్రము అట్టి సాధనములు 45 ఏండ్లు దాటినవారికే తగునని వాదించెను. 1910లో ఆ పందెము పిరెనీస్ పర్వతములకెక్కి, 2,115 మీటర్ల ఎత్తుగల తుర్మలే కనుమను దాటినది. ఆ కాలపు పందెగాండ్రు కొండ మొదట దిగి, వెనుక చక్రమును విప్పి, రెండవ ప్రక్కనున్న పెద్ద పళ్ళచక్రము చైనునకు వచ్చునట్లు త్రిప్పి బిగించుకొనుచుండిరి. గేర్లను మార్చు డిరైలర్ సాధనమునకు ఆ పందెమున అనుమతి లభించినది 1937లో మాత్రమే. మహాబలవంతులకే గేరు అవసరమైనప్పుడు, తక్కువ గేరు వాడుట బలహీనతకు చిహ్నమని సామాన్యుడు సంకోచింప నవసరము లేదు.

ఎక్కు విధానము

మొదటి నియమము నెమ్మదిగా ఆరంభించుట. పది శాతపు వాలులో గంటకు 8 కిలోమీటర్ల వేగమునకు సుమారు 180 వాట్ల శక్తి కావలెను. 6 కిలోమీటర్ల వేగమునకు 140 వాట్లకు లోపుగనే సరిపోవును. మితమైన అభ్యాసము గలవాడు ఒక గంటసేపు 150 వాట్లు ఇయ్యగలడనుకొన్నచో, మొదటి వేగము అతనిని కొలది సేపటిలో అలసటపాలు చేయును. రెండవ వేగమున అతడు శిఖరమును చేరును. రెండు వేగములకును భేదము గంటకు రెండు కిలోమీటర్లు మాత్రమే. శ్వాసయే దీనికి కొలత. చిన్న వాక్యములు పలుకగలిగినంతవరకు వేగము తగియున్నట్లు. మాట తెగిపోయినచో తగ్గింపవలెను.

రెండవది, వాలు రాకమునుపే గేరు మార్చుట. పెడలుపై పూర్తి ఒత్తిడి పడిన పిదప మార్చినచో చైను పట్టువిడిచి జారవచ్చును, తెగనువచ్చును. ఎదుట దారి లేచుట కనబడగానే ఒత్తిడిని క్షణకాలము సడలించి మార్చుట క్షేమము.

మూడవది, సాధ్యమైనంతవరకు సీటుపైననే కూర్చుండుట. నిలిచి తొక్కునప్పుడు శరీర భారము పెడలునకు తోడ్పడును గాని, ఆ శరీరమును నిలుపుటకే కొంత శక్తి వ్యయమగును. కావున నిటారైన చిన్న భాగమును దాటుటకును, నడుమునకు విశ్రాంతి కొరకును మాత్రమే నిలువవలెను. వాలు 15 శాతమును మించినచో వేరొక చిక్కు కలుగును. వెనుకకు వంగి కూర్చుండిన ముందు చక్రము నేలను విడుచును. నిలిచి మిక్కిలి ముందునకు వంగిన వెనుక చక్రము జారును. సీటు కొసకు జరిగి, మోచేతులు వంచి, రొమ్మును హ్యాండిలువైపు దింపినచో రెండు చక్రములును నేలను పట్టియుండును. చేతులు బిగించుట వలన ప్రయోజనము లేదు.

నాలుగవది మలుపుల విషయము. గట్టి మలుపులో లోపలి అంచు పొట్టిది. ఎక్కు ఎత్తు ఒకటే. కనుక లోపలి అంచు మిక్కిలి నిటారు. దారి నిర్జనమై, ఎదురు బండ్లు స్పష్టముగా కనబడునప్పుడు తన ఎడమ భాగమునందే కొంత వెలుపలగా పోవుట సులభము. దారికి అడ్డముగా వంకరటింకరగా తొక్కుట వాలును తగ్గించునది నిజమే అయినను, బండ్లు తిరుగు ఘాటులో ప్రాణాపాయకరము. గడ్‌చాందూర్ పరిసరములలో సిమెంటు, సున్నపురాయి మోయు లారీల రాకపోకలు గలవు గనుక ఇచట అది సర్వధా విడువదగినది. శక్తి చాలనప్పుడు దిగి నడచుట అవమానము కాదు. నడచి, వాలు తగ్గినచోట మరల ఎక్కవచ్చును.

ఎండ, అడవి, దిగుడు

చంద్రపూరు భారతదేశమున మిక్కిలి ఎండలు కాయు పట్టణములలో ఒకటి. కొండదారిలో ఈ సంగతి ద్విగుణముగా బాధించును. తిన్న ఆహారశక్తిలో నాలుగవ వంతు కన్న తక్కువ భాగమే పెడలునకు చేరును. మిగిలినదంతయు వేడిగా మారును. 150 వాట్ల పనికి సుమారు 500 వాట్ల వేడి పుట్టును. ఆ వేడిని చెమట ఒక్కటే తొలగింపవలసినచో గంటకు ముప్పాతిక లీటరు చెమట ఆవిరి కావలెను. సమతలమున వేగము వలన వీచు గాలి తోడ్పడును. గంటకు ఆరు కిలోమీటర్ల వేగమున ఆ గాలి లేదు. వేసవిలో గాలి వేడిమి చర్మపు వేడిమిని మించునప్పుడు గాలియే శరీరమును కాచును. కావున ఏప్రిలు, మే మాసములలో పగటివేళ ఎక్కుడు మానవలెను. నీటితోపాటు ఉప్పు కలిపిన మజ్జిగ, నిమ్మరసము హితకరములు. తల తిరుగుట, వణకు, మాట తడబడుట పొడసూపినచో ప్రయాణము నాపి, నీడకు చేరి, శరీరమును తడిపి, వైద్యసహాయము పొందవలెను. అట్టి స్థితిలో పట్టుదల ప్రమాదకరము.

ఎండకు వెరచి వేకువ చీకటిలో బయలుదేరుటయు ఈ జిల్లాలో అన్నిచోట్ల క్షేమము కాదు. తాడోబా అభయారణ్యమే గాక, వెలుపలి అడవులందును పులులు సంచరించు సీమ ఇది. అడవిదారిలో బాగుగా వెలుతురు వచ్చిన పిదప, ఒంటరిగా గాక ఇద్దరు ముగ్గురు కలిసి పోవుట మంచిది.

ఎక్కినవాడు దిగవలెను. ఎక్కుటలో అలసట మాత్రమే కలదు. అపాయము దిగుడునందు కలదు. ఎక్కుటలో దాచిన శక్తియంతయు ఇప్పుడు బ్రేకులలో వేడిగా మారును. బ్రేకులను నిరంతరము రాచినచో చక్రపు అంచు కాగి, ట్యూబు పగులు ప్రమాదము కలుగును. మలుపునకు ముందే రెండు బ్రేకులను గట్టిగా నొత్తి వేగము తగ్గించి, తిన్ననిచోట విడిచి, అంచునకు చల్లబడు వ్యవధి నియ్యవలెను. మలుపు మధ్యమున బ్రేకు వేయుట జారుటకు హేతువు. బ్రేకు దిమ్మలను కొండ మొదటనే పరీక్షింపవలెను. శిఖరమున పరీక్షించిన ఫలము లేదు.

సమతలవాసికి అభ్యాసము

నిత్యము కొండ అందుబాటులో లేనివాడు ఏమి చేయవలెను? రైలుపట్టాలపై కట్టిన వంతెనలు పొట్టివైనను వాలు గలవి. వాటిని తెల్లవారినపిదప, రద్దీ లేనివేళ, కూర్చుండియే సమవేగముతో పలుమార్లు ఎక్కుట మంచి అభ్యాసము. ఎదురుగాలిలో హెచ్చు గేరుతో ఐదారు నిమిషములు తొక్కి, అంతేసేపు విశ్రమించుట వేరొకటి. కొండకు సమానమైన నిరంతర నిరోధము సమతలమున లభించునది ఎదురుగాలి ఒక్కటే. మోకాలు నొచ్చినచో ఈ అభ్యాసము నాపి, సీటు ఎత్తును పరిశీలింపవలెను. పెడలు అడుగునకు చేరినప్పుడు కాలు స్వల్పముగా మాత్రమే వంగియుండుట సరియైన ఎత్తునకు గుర్తు. పూర్వము కన్న పెద్ద పళ్ళ చక్రమును వెనుక అమర్చుకొనుటకు సైకిలు షాపువాని కిచ్చు వెల, నెలల అభ్యాసము కన్న ముందుగా ఫలించును.

కొండ యెత్తు ఎవరికొరకును తగ్గదు. ఆ యెత్తును ఎన్ని తునుకలుగా విభజించి మోయవలెనో నిర్ణయించుకొను స్వాతంత్ర్యము మాత్రము తొక్కువానికి కలదు. ఈ లెక్క నెరిగినవాడు మాణిక్‌గఢ్ ఎక్కుడు మొదటనే చిన్న గేరును వేసికొని, ముందు పోవువారిని పోనిచ్చి, తన శ్వాస ననుసరించి తొక్కును. ఆ విధముగా తొక్కినవాడు జివతిని చేరునప్పటికి తిరుగుప్రయాణమునకు తగిన శక్తియు, దిగుడునకు తగిన ఏకాగ్రతయు అతనియందు మిగిలియుండును.