విమానపు కిటికీగా మారిన తెర

కంప్యూటర్ మానిటర్‌కూ, నేల విడవకుండానే విమానం నడపడం నేర్పే సిమ్యులేటర్‌కూ మధ్య ఉన్న చుట్టరికం ఇంటింటికీ కంప్యూటర్ రావడానికి చాలా ముందునాటిది. ఈ రెండింటి పుట్టుకలు వేరైనా ఎదుగుదల మాత్రం పలుచోట్ల పెనవేసుకుపోయింది కనుక, గేములకూ విమాన సిమ్యులేషన్‌కూ కలిపి ఒక కంప్యూటర్ కూర్చుకొనే వ్యక్తి ఏ మానిటర్ ఎంచుకోవాలన్న ప్రశ్నకు జవాబు కొంతవరకు ఆ చరిత్రలోనే దొరుకుతుంది.

1897లో ఫెర్డినాండ్ బ్రౌన్ అనే భౌతిక శాస్త్రవేత్త, అప్పట్లో జర్మనీ ఏలుబడిలో ఉన్న స్ట్రాస్‌బుర్గ్ నగరంలో, గాలి తీసేసిన గాజుగొట్టంలో కాథోడ్ కిరణాల పుంజాన్ని అయస్కాంత బలంతో పక్కకు మళ్లించి, దాని కొస తగిలినచోట వెలిగే పూత మీద ఒక చుక్క కదిలేట్టు చేశాడు. విద్యుత్ ప్రవాహంలోని వేగవంతమైన మార్పులను కంటితో చూడడమే ఆయన ఉద్దేశం కాగా, ఆ గొట్టమే తర్వాతి కాలంలో టీవీల పిక్చర్ ట్యూబ్‌గా, కంప్యూటర్ల మానిటర్‌గా మారింది. 1929లో అమెరికాలోని బింగ్‌హామ్టన్‌లో ఎడ్విన్ లింక్, తన తండ్రి నడిపే ఆర్గన్, పియానోల కర్మాగారంలో వాడే గాలితిత్తులనూ పంపులనూ ఉపయోగించి, పైలట్ కదలికలకు తగ్గట్టు ఒరిగే, తిరిగే శిక్షణ యంత్రాన్ని తయారు చేశాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో 5 లక్షలకు పైగా పైలట్లకు తర్ఫీదునిచ్చిన ఆ లింక్ ట్రైనర్‌కు కిటికీ దృశ్యం లేదు. మేఘాల్లో, చీకట్లో బయటేమీ కనిపించనప్పుడు పరికరాల ముళ్లనే నమ్మి ఎగరడం నేర్పడమే దాని పని కనుక, పైలట్ మీద మూత వేసేస్తే సరిపోయేది.

ఈ రెండు దారులూ కలిసిన తొలి చోటు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అంటే ఎమ్ఐటీ. 1944లో అమెరికా నౌకాదళం, ఏ రకం విమానం ప్రవర్తననైనా అనుకరించగల ఒకే శిక్షణ యంత్రం కావాలని ఆ సంస్థను కోరగా, జే ఫారెస్టర్ నాయకత్వంలోని బృందం అందుకు మామూలు యంత్రభాగాలు చాలవనీ, అంకెలతో క్షణక్షణం లెక్కలు కట్టే కంప్యూటరే కావాలనీ తేల్చుకొని వర్ల్‌విండ్ అనే యంత్రానికి పునాది వేసింది. సిమ్యులేటర్ లక్ష్యాన్ని మధ్యలోనే వదిలేసినా, 1951లో పని మొదలుపెట్టిన ఆ కంప్యూటర్ తన లెక్కల ఫలితాన్ని కాథోడ్ కిరణ నాళం మీద అప్పటికప్పుడు చూపించగలిగింది. దాని వారసత్వంతో వచ్చిన సేజ్ అనే గగనతల రక్షణ వ్యవస్థలో సైనికులు తెర ముందు కూర్చుని, వెలుగును గుర్తించే తుపాకీ లాంటి సాధనంతో విమానాల గుర్తులను ఎంచుకొనేవారు. మనిషి తెరను చూస్తూ కంప్యూటర్‌తో అప్పటికప్పుడు వ్యవహరించే పద్ధతికి ఒక ముఖ్యమైన మూలం, పూర్తికాని ఒక విమాన సిమ్యులేటర్‌లో ఉందన్నమాట.

విమానయాన సంస్థల సిమ్యులేటర్లకు మాత్రం కిటికీ దృశ్యం చాలాకాలం మరో దారిలో వచ్చింది. పొలాలు, ఇళ్లు, రన్‌వేలతో ఒక పెద్ద నమూనా బల్లను తయారుచేసి, దాని మీదుగా పైలట్ చేతి కదలికలకు అనుగుణంగా టీవీ కెమెరాను నడిపి, ఆ బొమ్మను కాక్‌పిట్ ముందు చూపేవారు. 1968లో ఉటా రాష్ట్రంలో డేవిడ్ ఎవాన్స్, ఇవాన్ సదర్లాండ్ స్థాపించిన సంస్థ వంటివి కంప్యూటర్‌తోనే దృశ్యాన్ని గీయించడం మొదలుపెట్టాక ఆ నమూనా బల్లలు క్రమంగా మూలపడ్డాయి. ఇంట్లోని బల్ల మీదికి ఆ అనుభవాన్ని తెచ్చినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చదివిన ఆయన, ఆపిల్-2 వంటి చిన్న కంప్యూటర్ మీద సన్నని గీతలతోనే నేలనూ ఆకాశాన్నీ వేరుచేసి చూపగలిగాడు. దాని తర్వాతి రూపాన్నే 1982లో మైక్రోసాఫ్ట్ ఐబీఎం పీసీ కోసం విడుదల చేసింది. వేరే కంపెనీలు చేసిన కంప్యూటర్ నిజంగా ఐబీఎం పీసీకి సాటి వస్తుందో లేదో తేల్చుకోవడానికి ఆ రోజుల్లో ఈ సిమ్యులేటర్‌ను నడిపి చూడడం ఒక పరీక్షగా ఉండేదంటే, అది యంత్రం నుంచి ఎంత పని రాబట్టేదో ఊహించవచ్చు.

పిక్చర్ ట్యూబ్‌ను పక్కకు నెట్టిన పలుచని తెరల వెనక ఉన్న పదార్థం ఇంకా పాతది. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడరిక్ రైనిట్సర్ అనే వృక్షశాస్త్రవేత్త, కొలెస్ట్రాల్ నుంచి వచ్చిన ఒక పదార్థాన్ని వేడిచేసినప్పుడు అది 145 డిగ్రీల సెల్సియస్ దగ్గర మసక ద్రవంగానూ, 178 డిగ్రీల దగ్గర తేట ద్రవంగానూ రెండుసార్లు కరగడం గమనించాడు. ద్రవంలా పారుతూనే స్ఫటికంలా అణువులు ఒక వరుసలో ఉండే ఈ స్థితికే ద్రవ స్ఫటికమని పేరు. 1970లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిష్ రెండు గాజు పలకల మధ్య ఈ అణువులను 90 డిగ్రీలు మెలితిప్పి ఉంచి, వోల్టేజీ పెట్టినప్పుడు ఆ మెలి విడిపోయి వెలుగు ఆగిపోయేట్టు చేయడంతో, నేటి ఎల్‌సీడీ తెరకు దారి ఏర్పడింది. తొలితరం ఎల్‌సీడీలను పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోయేవి. ఆ లోపాన్ని తగ్గించడానికి అంటించిన పొరల్లో వాడిన పళ్లెం ఆకారపు అణువులకు ద్రవ స్ఫటిక గుణం ఉంటుందని 1977లో బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందం కనిపెట్టింది. మానిటర్ కథలో భారతీయులకు దక్కిన ఈ స్థానం చాలా తక్కువమందికి తెలియడం విచారకరం.

నేడు మార్కెట్లో దొరికే ఎల్‌సీడీ మానిటర్లను వేరుచేసేది అణువులు తిరిగే తీరే. 1990ల మధ్యలో హిటాచీ మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్ రకంలో అణువులు గాజు తలానికి సమాంతరంగానే తిరుగుతాయి కనుక ఏ కోణం నుంచి చూసినా రంగు పెద్దగా మారదు. వీఏ రకంలో వోల్టేజీ లేనప్పుడు అణువులు గాజుకు నిలువుగా నిలబడి వెనక దీపాన్ని మరింత గట్టిగా అడ్డుకుంటాయి కనుక, తెల్లనికీ నల్లనికీ మధ్య వెలుగు నిష్పత్తి, అంటే కాంట్రాస్ట్, ఐపీఎస్‌లో సుమారు 1000:1 ఉండేచోట ఇందులో 3000:1 దాకా వస్తుంది. 1987లో కొడాక్ పరిశోధకులు చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ ప్రకటించిన కర్బన పదార్థపు దీపాల నుంచి వచ్చిన ఓలెడ్‌లో ప్రతి పిక్సెల్ తానే వెలుగుతుంది, తానే పూర్తిగా ఆరిపోతుంది.

ఇక ఎంపిక విషయానికి వస్తే, తుపాకీ గేములకు పనికొచ్చే కొలబద్దనే విమాన సిమ్యులేషన్‌కూ వాడడం వల్లనే ఎక్కువమంది దారి తప్పుతున్నారు. ఎల్‌సీడీ గానీ ఓలెడ్ గానీ ఒక బొమ్మను తర్వాతి బొమ్మ వచ్చేదాకా అలాగే నిలిపి ఉంచుతుంది. కదిలే వస్తువును వెంబడించే కన్ను మాత్రం ఆగదు కనుక, నిలిచిన బొమ్మ కంటిపొర మీద అలుక్కుపోతుంది. సెకనుకు 960 పిక్సెళ్లు కదిలే వస్తువు 60 హెర్ట్జ్ తెర మీద 16 పిక్సెళ్ల మేర మసకబారితే, సెకనుకు 240 బొమ్మలు చూపే తెర మీద, కంప్యూటర్ అన్ని బొమ్మలూ అందించగలిగితే, అది 4 పిక్సెళ్లకు తగ్గుతుంది. శత్రువు మూల నుంచి దూసుకొచ్చే ఆటలో ఇది గెలుపోటములను మార్చగల తేడా. విమానంలో మాత్రం, మలుపు తిరుగుతున్నప్పుడు తప్ప, దూరాన ఉన్న నేల తెర మీద నెమ్మదిగానే కదులుతుంది. పైగా భూగోళం, వాతావరణం, విమానపు వ్యవస్థల లెక్కలన్నీ ప్రాసెసర్ మీద పడడంతో, మంచి కంప్యూటర్ కూడా పెద్ద విమానాశ్రయం దగ్గర సెకనుకు 40, 50 ఫ్రేములకే పరిమితం కావడం మామూలే.

అలాగని 60 హెర్ట్జ్ మానిటర్ చాలుననుకోవడమూ పొరపాటే. ఫ్రేము తయారైన క్షణానికే తెర తనను తాను మార్చుకొనే పద్ధతి, 2013లో ఎన్‌విడియా జీ-సింక్‌తో మొదలై, తర్వాత ఏఎండీ ఫ్రీసింక్‌తో అందరికీ అందిన మారే రిఫ్రెష్ రేటు, సిమ్యులేషన్ వారికే ఎక్కువ మేలు చేస్తుంది. ఎందుకంటే అది లేనప్పుడు ఆలస్యమైన ఫ్రేము వల్ల బొమ్మ చీలడమో, కుదుపుగా ఆగి కదలడమో జరుగుతుంది. చాలా మానిటర్లలో ఈ సౌకర్యం సుమారు 48 హెర్ట్జ్ కంటే కిందికి పనిచేయదు కనుక, ఫ్రేములు 40కి పడిపోయినప్పుడు ఒక్కో బొమ్మను రెండేసిసార్లు చూపి 80గా మార్చే ఉపాయం వాడతారు. ఆ రెట్టింపు అంకె మానిటర్ గరిష్ఠ వేగం లోపల ఇమడాలి కనుక, 75 హెర్ట్జ్ తెర మీద సాధ్యం కానిది 120 లేదా 144 హెర్ట్జ్ తెర మీద సునాయాసంగా సాధ్యమవుతుంది. సిమ్యులేషన్‌కు 144 హెర్ట్జ్ మానిటర్ కొనడంలోని అసలు ప్రయోజనం ఇదే. దీని గురించి ప్రకటనల్లో కనిపించేది తక్కువ.

అంతకన్నా ముఖ్యమైనది కంటికి సంబంధించిన రేఖాగణితం. ఆరోగ్యవంతమైన కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వివరాన్ని గుర్తించగలదు కనుక, ఒక డిగ్రీ కోణంలో 60 పిక్సెళ్లు ఇమిడితే బొమ్మ నిజమైన దృశ్యపు స్ఫుటత్వానికి చేరువవుతుంది. 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ల మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే డిగ్రీకి సుమారు 45 పిక్సెళ్లు, 32 అంగుళాల 4కే, అంటే 3840×2160 పిక్సెళ్ల మానిటర్‌ను 70 సెంటీమీటర్ల నుంచి చూస్తే సుమారు 66 పిక్సెళ్లు వస్తాయి. ఈ తేడా కాక్‌పిట్‌లో ప్రత్యక్షంగా తెలుస్తుంది. చిన్న విమానాల్లో విరివిగా కనిపించే గార్మిన్ జీ1000 పరికరం అసలు తెర 1024 పిక్సెళ్ల వెడల్పుది. సిమ్యులేటర్ దృశ్యంలో అది మానిటర్ వెడల్పులో నాలుగో వంతు ఆక్రమిస్తే, 1920×1080 తెర మీద దానికి దక్కేవి 480 పిక్సెళ్లే కనుక అంకెలు చదవడానికి ముందుకు వంగాల్సి వస్తుంది. 4కే తెర మీద 960 పిక్సెళ్లు దక్కి, పరికరం దాదాపు తన సహజ స్పష్టతతోనే కనిపిస్తుంది.

రెండో సంగతి దృష్టి క్షేత్రం, అంటే ఎంత కోణం మేర దృశ్యం కనిపిస్తోందన్నది. పైన చెప్పిన రెండు మానిటర్లూ ఆయా దూరాల నుంచి కంటి ముందు సుమారు 53 డిగ్రీల కోణమే ఆక్రమిస్తాయి. కాక్‌పిట్ మొత్తం కనిపించాలని సిమ్యులేటర్‌లో 90 డిగ్రీల దృశ్యాన్ని పెట్టుకుంటే, అంత ప్రపంచమూ 53 డిగ్రీల్లోకి కుదించుకుపోయి, రన్‌వే ఉన్నదానికన్నా చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. 11 మీటర్ల రెక్కల సెస్నా 172 విమానం 5 కిలోమీటర్ల దూరాన నిజంగా కంటికి ఆనవలసినది, 1920 పిక్సెళ్ల వెడల్పున పరిచిన 90 డిగ్రీల దృశ్యంలో మూడు పిక్సెళ్లయినా నిండని మచ్చగా మిగులుతుంది. నేలకు దిగే ఆఖరి క్షణాల్లో విమానం ముక్కు ఎప్పుడు ఎత్తాలో పైలట్‌కు చెప్పే సూచనల్లో ఒకటి, కంటి అంచుల్లో నేల వెనక్కి పరుగెత్తే వేగం. ఇరుకైన తెర ఆ అంచులను కోసేస్తుంది కనుకనే ఇంటి సిమ్యులేటర్‌లో చాలామంది రన్‌వే మీద బరువుగా దిగుతారు, ఇందులో వారి నైపుణ్య లోపం కన్నా తెర లోపమే ఎక్కువ.

దీనికి వెడల్పైన మానిటర్లు ఒక పరిష్కారం. 34 అంగుళాల, 3440×1440 పిక్సెళ్ల తెర 70 సెంటీమీటర్ల నుంచి సుమారు 60 డిగ్రీలు నింపుతుంది. 49 అంగుళాల వంపు తెర రెండు 27 అంగుళాల మానిటర్లను అతుకు లేకుండా కలిపినంత వెడల్పు ఇచ్చి, 80 డిగ్రీలను దాటుతుంది. అయితే సిమ్యులేటర్ దృశ్యాన్ని చదునైన తలం కోసమే గీస్తుంది కనుక వెడల్పు పెరిగేకొద్దీ అంచుల్లోని బొమ్మ సాగిపోతుంది. మూడు 27 అంగుళాల మానిటర్లను కోణంగా అమర్చి, ఎక్స్-ప్లేన్‌లో వీలున్నట్టుగా ఒక్కోదానికి వేరే దృక్కోణం కేటాయిస్తే, ఆ సాగుడు లేకుండానే దాదాపు 160 డిగ్రీలు దక్కుతాయి. కాకపోతే ఒక 4కే తెరకు సుమారు 83 లక్షల పిక్సెళ్లు గీస్తే సరిపోయే గ్రాఫిక్స్ కార్డు, ఈ మూడింటికి కోటీ పది లక్షలు గీయవలసి వస్తుంది.

రాత్రి ప్రయాణం మానిటర్‌కు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. చీకటి నేల మీద వరుసగా వెలిగే రన్‌వే దీపాలు ఓలెడ్ మీద మాత్రమే నిజమైన నలుపులో నిలుస్తాయి. ఐపీఎస్ మీద ఆ నలుపు బూడిద రంగుకు దిగుతుంది. వెనక దీపాలను వందల ముక్కలుగా విభజించి వెలిగించే మినీ-ఎల్‌ఈడీ తెరల మీద ఒక్కో రన్‌వే దీపం చుట్టూ మసక వెలుగు వలయం ఏర్పడవచ్చు. వీఏ తెరలు చీకట్లో కదిలే అంచుల వెంట నల్లని మరక లాగుతాయి. ఓలెడ్‌కు ఉన్న ప్రమాదం మాత్రం సరిగ్గా విమాన సిమ్యులేషన్‌లోనే బయటపడేది. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి రెండు గంటలకు పైగా సాగే ప్రయాణంలో పరికరాల గీతలు, ప్యానెల్ అంచులు ఒకేచోట కదలకుండా వెలుగుతూ ఉంటే, అలాంటి వందల గంటల తర్వాత ఆ పిక్సెళ్లు మిగతావాటికన్నా ముందు అరిగి, శాశ్వతమైన నీడను మిగల్చవచ్చు. వెలుగు తగ్గించుకోవడం, మధ్యమధ్య దృశ్యం మార్చడం దీన్ని వాయిదా వేస్తాయి గానీ పూర్తిగా తొలగించవు. పగలు కిటికీ తెరిచి ఉండే గదిలో ఓలెడ్ నలుపు కూడా పేలవమవుతుంది కనుక, అలాంటి చోట ఐపీఎస్‌తో పోలిస్తే దాని లాభం చాలావరకు తగ్గిపోతుంది.

ఏ మానిటర్‌కైనా అందని పరిమితి ఒకటి ఉంది. పైలట్లు శిక్షణ పొందే పెద్ద సిమ్యులేటర్లలో దృశ్యాన్ని పెద్ద వంపు అద్దం మీద ప్రతిఫలింపజేసి, కంటికి చేరే కిరణాలను దాదాపు సమాంతరం చేస్తారు. దానితో దృశ్యం అంతులేని దూరాన ఉన్నట్టు కన్ను సర్దుకుంటుంది, పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పైలట్లకూ రన్‌వే ఒకే దిశలో కనిపిస్తుంది. బల్ల మీది తెరకు ఇది అసాధ్యం. తల తిప్పితే దృశ్యం కూడా తిరిగేట్టు చేసే ఇన్‌ఫ్రారెడ్ పరికరం మాత్రం ఇరుకైన తెర లోటును చాలావరకు పూడ్చగలదు కనుక, ఒకే యంత్రం మీద గేములూ విమానాలూ రెండూ ఆడేవారు రెండో మానిటర్‌కు ముందు దానినే పరిశీలించడం మేలు. 32 అంగుళాల 4కే, 144 హెర్ట్జ్ తెర, మారే రిఫ్రెష్ రేటు, అందుకు తగిన గ్రాఫిక్స్ కార్డు ఇలాంటివారికి నేడు సమంజసమైన మేళవింపు. కార్డు అంత బలమైనది కాకపోతే, 4కే కన్నా 40 శాతం తక్కువ పిక్సెళ్లు గీస్తే సరిపోయే 34 అంగుళాల వెడల్పు తెరను తీసుకొని, బల్ల లోతును కొలిచి కంటి దూరాన్ని నిర్ణయించుకొని, సిమ్యులేటర్‌లోని దృష్టి క్షేత్రాన్ని ఆ దూరానికి వీలైనంత దగ్గరగా సరిచేసుకోవచ్చు.