నడుము దగ్గర చూడాలా, కంటికి ఆనించి చూడాలా?

రాజమండ్రి నుంచి పాపికొండల యాత్రకు బయలుదేరుతున్నారనుకోండి. ఇంట్లో తాతగారి నాటి పెద్ద ఫిల్ము కెమెరా ఒకటి ఉంది. దానికి రెండు రకాల వ్యూఫైండర్లు అమర్చవచ్చు. ఒకటి పైనుంచి తొంగిచూసేది, రెండోది కంటికి ఆనించి చూసేది. సంచిలో ఒక్కదానికే చోటుంది. ఏది పట్టుకుపోవాలి?

జాగ్రత్తగా ఆలోచించవలసిన ప్రశ్నే ఇది. ఇటువంటి కెమెరాలో 120 ఫిల్ము వేస్తారు. 6 సెం.మీ. చదరపు చిత్రాలైతే ఒక చుట్టకు 12 మాత్రమే వస్తాయి. ఒకటి పాడైతే సెల్‌ఫోనులోలాగా చెరిపివేసి మళ్ళీ తీసుకోవడం కుదరదు. అయితే ఈ ఫిల్ము మీద పడే చిత్రం మామూలు 35 మి.మీ. ఫిల్ము చిత్రానికి వైశాల్యంలో మూడున్నర రెట్లు ఉంటుంది. అందుకే పెద్దదిగా అచ్చు వేసినా వివరాలు చెదరవు.

కుడి ఎడమల తికమక

కుంభాకార కటకం ఏర్పరచే నిజ ప్రతిబింబం తలకిందులుగా ఉంటుందని మీరు చదువుకున్నారు. అది కుడి ఎడమలను కూడా మారుస్తుంది. కెమెరాలో కటకం వెనుక 45 డిగ్రీల కోణంలో ఒక దర్పణం ఉంటుంది. అది కాంతిని పైకి మళ్ళించి గరుకు అద్దం మీద పడవేస్తుంది. మీరు పైనుంచి వంగి చూస్తే బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది. కాని కుడి ఎడమలు మాత్రం తారుమారుగానే మిగిలిపోతాయి.

నరసాపురం రేవులో ఒక పంటు ఎడమ నుంచి కుడికి పోతోందనుకోండి. గరుకు అద్దంలో అది కుడి నుంచి ఎడమకు పోతున్నట్లు కనిపిస్తుంది. అలవాటు లేనివారు కెమెరాను ఎదురు దిక్కుకు తిప్పుతారు. పంటు కాస్తా చట్రం దాటిపోతుంది! ఏటి ఒడ్డు గీత వంకరగా ఉంటే సరిచేయబోయి ఇంకా వంకర చేస్తారు.

పట్టకం చేసే పని

కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్‌లో అయిదు భుజాల గాజు పట్టకం ఉంటుంది. దాని పేరు పెంటాప్రిజం. ఇక్కడ ఒక చిన్న సూత్రం గుర్తుంచుకోండి. పరావర్తనాలు బేసి సంఖ్య అయితే కుడి ఎడమలు మారతాయి, సరి సంఖ్య అయితే సరిగ్గా ఉంటాయి.

మామూలు పెంటాప్రిజంలో కాంతి రెండుసార్లు పరావర్తనం చెందుతుంది. కెమెరా దర్పణంతో కలిపితే మూడు. అంటే బేసి. తికమక తీరలేదు! అందుచేత పట్టకం పై ముఖాన్ని తాటాకింటి కప్పులాగా రెండు వాలులుగా చెక్కుతారు. ఈ రెండు వాలుల మధ్య కోణం 90 డిగ్రీలు. దీనితో ఒక పరావర్తనం అదనంగా చేరి మొత్తం నాలుగవుతాయి. ఇప్పుడు పంటు అసలు దిక్కుకే పోతుంది.

లాభాలు, నష్టాలు

మరి పట్టకమే మంచిదని తేల్చేద్దామా? తొందరపడకండి. అది గాజు దిమ్మ, బరువైనది. పైనుంచి చూసేది సన్నని రేకుల గూడు మాత్రమే. మడిస్తే పలచగా అయిపోతుంది. దానిలో ఒక భూతద్దం కూడా ఉంటుంది. గరుకు అద్దం మీద స్పష్టత సరిచూసుకోవడానికి అది బాగా పనికివస్తుంది.

కోనసీమ పొలంలో నాట్లు వేసిన వరిపిలకలను నీటి మట్టం నుంచి తీయాలంటే పట్టకంతో బురదలో పడుకోవాలి. రేకుల గూడుతో గట్టు మీద కూర్చుంటే చాలు. అంతర్వేది రథోత్సవంలో జనం అడ్డువస్తే కెమెరాను తలకిందులుగా నెత్తి పైకెత్తి, గరుకు అద్దాన్ని కింది నుంచి చూస్తూ తీయవచ్చు. ఫిల్ము మీద బొమ్మ తలకిందులైతేనేం, అచ్చు వేశాక తిప్పుకుంటే సరిపోతుంది.

ఒక మెలిక ఉంది సుమా! 6×4.5 సెం.మీ. వంటి దీర్ఘచతురస్ర చిత్రాల కెమెరాను నిలువు బొమ్మ కోసం పక్కకు తిప్పితే రేకుల గూడు కూడా పక్కకు తిరుగుతుంది. అప్పుడు చూడడం చాలా కష్టం. దానికి పట్టకమే తగినది. చదరపు చిత్రానికి ఈ బాధ లేదు, ఎటు తిప్పినా ఒకటే.

చంద్రుని మీద మాత్రం ఈ రెండూ పనికిరాలేదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుని నేల మీద వాడిన హాసెల్‌బ్లాడ్ కెమెరాలో పరావర్తన దర్పణమే లేదు. శిరస్త్రాణంతో వంగి తొంగిచూడడం ఎలా? కెమెరాను ఛాతీకి తగిలించుకుని, గురిపెట్టి తీశారు.

కాబట్టి మన లెక్క ఇది. ధవళేశ్వరం ఆనకట్ట, ద్రాక్షారామం గుడి, పొలాలు వంటి కదలనివాటి కోసం, చదరపు చిత్రాల కెమెరాతో పోతుంటే రేకుల గూడు చాలు. పడవలు, పక్షులు, పరుగెత్తే పిల్లల కోసమైతే బరువు మోసినా పట్టకమే మేలు. రేకుల గూడు ఎంచుకున్నవారు లాంచీ అంచున నడుస్తూ అందులోకి చూడరాదు. నిలబడి, ఆధారం చూసుకుని, అప్పుడే తల వంచండి.

ఇంట్లో చేసి చూడండి

రెండు చిన్న అద్దాలను తెరిచిన పుస్తకంలాగా 90 డిగ్రీల కోణంలో నిలబెట్టండి. మీ పేరు రాసిన కాగితాన్ని వాటికి ఎదురుగా పట్టుకుని, అద్దాలు కలిసే మూలలోకి చూడండి. పేరు తిరగబడకుండా కనిపిస్తుంది. పెంటాప్రిజం కప్పు చేసే పని సరిగ్గా ఇదే. ఇక ఒక అద్దాన్ని తీసివేసి చూడండి. ఏమైందో, ఎందుకైందో మీరే చెప్పగలరు.