బోరుబండి నియంత్రణ ఫలకం: అమరిక, నిర్వహణ, పరిభాష

వ్యాససంగ్రహం:
పాకాల ప్రాంతపు రాతినేలల్లో బోరు వేసే ద్రవచాలిత యంత్రపు నియంత్రణ ఫలకాన్ని ఎలా సిద్ధం చేస్తారో, ఎలా నడుపుతారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఫలకం మీది ముళ్లు యంత్రం స్థితితో పాటు నేల లోపలి స్థితిని కూడా తెలుపుతాయి. ఆ సమాచారం ఖర్చు భరించే రైతుకు అందకపోవడానికి పరిభాష లేమి ఒక ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బోరుబండి, నియంత్రణ ఫలకం, ద్రవచాలిత యంత్రం, వృత్తిపదాలు, పాకాల.

1. ఉపోద్ఘాతం

స్వర్ణముఖి నది పాకాల సమీపంలోని కొండలలో పుడుతుంది. అయినా ఆ చుట్టుపక్కల సేద్యానికి ఏడాది పొడవునా పారే నీరు లేదు. చెరువులు వానను, బావులు చెరువులను నమ్ముకొన్నవి. నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్ జాతుల గట్టిరాయి. ఇసుకనేలల్లో వలె ఇక్కడ నీరు అంతటా వ్యాపించి ఉండదు. పైన శిథిలమైన రాతిపొరలోను, దాని కింద రాతి పగుళ్లలోను మాత్రమే నిలుస్తుంది. పక్కపక్క పొలాలలో ఒక బోరులో నీళ్లు పడి, మరొక బోరులో దుమ్ము మాత్రమే లేవడానికి కారణమిదే.

కపిలతో నీరు తోడిన కాలంలో బాన, తొండం, మోకు అంటూ ఆ సాధనంలోని ప్రతి భాగానికీ రైతు నోట ఒక పేరు ఉండేది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం అటువంటి పదసంపదను భద్రపరచింది. అప్పటికి గట్టిరాతిని తొలిచే సుత్తిరిగ్గు మన పల్లె పొలాలకు చేరలేదు. 1967 నాటి కరవులో యునిసెఫ్ వాయుచోదక రిగ్గులను భారతదేశానికి తెప్పించిన తరువాత ఈ పద్ధతి క్రమంగా వ్యాపించింది. నేడు తమిళనాడులోని నామక్కల్ జిల్లా తిరుచెంగోడు బోరుబండ్లకు దేశంలోనే పేరుపొందిన కేంద్రం. అక్కడి బండ్లు చిత్తూరు, తిరుపతి జిల్లాల పొలాల్లోనూ కనిపిస్తాయి. యంత్రం వచ్చింది కాని, దాని మాటలు తెలుగులోకి రాలేదు. ఫలకం మీద ఇంగ్లీషు పేర్లు, నడిపేవారి నోట తమిళం, రాడ్లు మోసే ఉత్తరాది కూలీల నోట హిందీ, గట్టున నిలబడిన రైతు నోట తెలుగు.

2. రెండు బలాలు, ఒక ఫలకం

మూసిన పాత్రలోని ద్రవం మీద ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా ప్రసరిస్తుందన్నది పాస్కల్ సూత్రం. ఈ సూత్రాన్ని పనికి పెట్టిన ద్రవచాలిత యంత్రానికి, అంటే బలంగా అదిమే యంత్రానికి, జోసెఫ్ బ్రామా 1795లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. 10 సెంటీమీటర్ల వ్యాసం గల ముషలకం మీద 150 బార్ల ఒత్తిడి పనిచేస్తే దాదాపు 12 టన్నుల బరువును ఎత్తగల బలం పుడుతుంది. పాఠ్యపుస్తకాల్లోని ఈ ముషలకం అనే మాటకు మూలం ముసలం, అంటే రోకలి. నిలువుగా లేచి పడే వస్తువుకు ఇంతకన్నా తగిన పేరు దొరకదు. అయినా మెకానిక్కు నోట అది పిస్టనే.

బోరుబండిలో రెండు బలాలు పనిచేస్తాయి. మొదటిది నూనె బలం. పంపు తోసిన నూనె కవాటాల గుండా వెళ్లి జాకీలను దింపుతుంది, స్తంభాన్ని నిలబెడుతుంది, రాడ్లను తిప్పుతుంది, కిందికి నొక్కుతుంది, పైకి లాగుతుంది. రెండవది గాలి బలం. కంప్రెషరు పంపిన గాలి రాడ్ల లోపలి నుంచి దిగి, అడుగున ఉన్న సుత్తిని ఆడిస్తుంది. సుత్తి దెబ్బకు నలిగిన రాతిపొడిని అదే గాలి రాడ్ల చుట్టూ ఉన్న ఖాళీ గుండా పైకి తెస్తుంది. రాయిని పగలగొట్టేది గాలి, ఆ దెబ్బ తగలవలసిన చోటును, తిరుగుడును, నొక్కుడును సరిచూసేది నూనె. ఈ రెండింటినీ ఒకే మనిషి చేతికి అందించే చోటు నియంత్రణ ఫలకం. దాని మీద ఒక వరుసలో లివర్లు, వాటి పైన ఒత్తిడి గేజీలు, ఒక పక్క ఇంజను వేగాన్ని మార్చే పిడి, అందుబాటులో ఎర్రని అత్యవసర బొత్తాం ఉంటాయి.

3. అమరిక

అమరిక ఫలకం దగ్గర మొదలుకాదు, తలెత్తి చూడడంతో మొదలవుతుంది. బోరు పాయింటు టెంకాయ పట్టి చూపినదైనా, భూగర్భశాస్త్రజ్ఞుడు గుర్తించినదైనా దాని మీదుగా కరెంటు తీగలు పోతూ ఉంటే అక్కడ స్తంభాన్ని లేపరాదు. పాయింటు మీద రైతుకు ఎంత నమ్మకమున్నా ఈ విషయంలో బేరం లేదు.

ఇంజను పెట్టకముందే లివర్లన్నీ నడిమి స్థానంలో ఉన్నాయా అని చూడాలి. ఏ ఒక్క లివరు పక్కకు వాలి ఉన్నా, పంపు తిరగగానే ఆ భాగం కదులుతుంది. నూనెమట్టాన్ని జాకీలు పూర్తిగా ముడుచుకొని, స్తంభం పడుకొని ఉన్నప్పుడే చూడాలి. జాకీలు చాచినప్పుడు టాంకులోని నూనె సిలిండర్లలోకి పోయి మట్టం తక్కువగా కనిపిస్తుంది. అది చూసి మరింత పోస్తే జాకీలు ముడిచే వేళ నూనె పొంగిపొర్లుతుంది. పొలంలో ఇది తరచు జరిగే పొరపాటు.

ఇంజను తక్కువ వేగంలో కొంతసేపు నడిచి నూనె వెచ్చబడిన తరువాత జాకీలు దింపాలి. వాటి పాదాల కింద చెక్క దిమ్మెలు వేయాలి. దున్నిన నేలలోనైతే ఇది మరీ అవసరం. బండి బరువు చక్రాల నుంచి జాకీల మీదికి వచ్చాక, మట్టపుగొట్టంలోని బుడగ నడుమకు వచ్చేదాకా ఒక్కొక్క జాకీని కొద్దికొద్దిగా సరిచేయాలి. బండి అర డిగ్రీ వాలి ఉంటే బోరు కూడా అంతే వాలుతుంది. 600 అడుగుల లోతుకు చేరేసరికి అడుగు బిట్టు 5 అడుగులకు పైగా పక్కకు జరిగి ఉంటుంది. తరువాత మోటారు దింపినప్పుడు పైపులు గోడకు ఒరుసుకొనేది ఇందువల్లనే. మట్టం కుదిరిన తరువాతే స్తంభాన్ని నెమ్మదిగా లేపి, తాళపు పిన్నులు బిగించాలి. స్తంభాన్ని నిలిపి ఉంచేది పిన్నులే కావాలి, నూనె కాదు. గొట్టం పగిలితే నూనె బలం క్షణంలో పోతుంది.

ఇక ఒత్తిడి పరిమితి. అధికమైన ఒత్తిడిని టాంకుకు మళ్లించే కవాటాన్ని తయారీదారు చెప్పిన అంకెకు కట్టాలి. సిలిండరును చివరి వరకు పోనిచ్చి, లివరును అట్లే పట్టుకొన్నప్పుడు గేజీలో కనిపించేదే ఆ పరిమితి. బలం చాలడం లేదని ఈ మరను బిగించడం జబ్బుకు మందు కాదు. పంపు అరిగి ఉండవచ్చు, వడపోత మూసుకొని ఉండవచ్చు. తిప్పుడు మోటారుకు ఉండే పరిమితిని పెంచితే రాడ్లు మెలిపడి తెగుతాయి. గొట్టాలలో సూదిబెజ్జమంత కారుడు ఉందేమోనని చేత్తో తడమడం అన్నింటికన్నా ప్రమాదం. సన్నని ధారగా వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినట్లే కనిపించినా వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే చేయి తీసివేయవలసి రావచ్చు. అట్టముక్కతోనే చూడాలి.

4. నడపడం

వరుస ఇది: ముందు తిప్పుడు, తరువాత గాలి, ఆ తరువాత దింపుడు. నిలిపేటప్పుడు బిట్టును అడుగు నుంచి కొంచెం లేపాలి. అలా లేపగానే సుత్తి ఆడడం మానుతుంది. గాలి సూటిగా బయటికి వచ్చి అడుగున మిగిలిన పొడిని ఊడుస్తుంది. బోరు శుభ్రమైన తరువాతే గాలిని, చివర తిప్పుడును ఆపాలి. పొడి ఊడవకుండా గాలి ఆపితే ఆ పొడి అంతా సుత్తి మీద పేరుకొని దాన్ని బిగించివేస్తుంది.

బోరులో రాడ్లు ఉండగా తిప్పుడు లివరును ఎదురుదిశకు నెట్టరాదు. రాడ్ల మరలు కుడివైపుకు బిగిసేవి. ఎదురు తిప్పితే ఎక్కడో ఒక జాయింటు విడిపోయి, దాని కింద ఉన్న రాడ్లు, సుత్తి, బిట్టు అన్నీ బోరులోనే ఉండిపోతాయి. రాడ్లు విప్పేటప్పుడు ఎదురుతిప్పుడు తప్పదు, అయితే అప్పుడు కింది రాడును పట్టుతో బిగించి ఉంచుతారు.

శిథిలమైన పైపొర దాటి గట్టిరాయి తగిలేదాకా కేసింగు దింపుతారు. ఆ తరువాతే అసలు పని. తొలి రాడ్లలో బరువు చాలదు కాబట్టి కిందికి నొక్కాలి. లోతు పెరిగేకొద్దీ లెక్క తారుమారవుతుంది. 114 మిల్లీమీటర్ల వ్యాసం, 6 మిల్లీమీటర్ల గోడమందం గల 20 అడుగుల రాడు దాదాపు క్వింటాలు తూగుతుంది. 800 అడుగుల దగ్గర 40 రాడ్లు, అంటే సుమారు 4 టన్నులు. సుత్తికి కావలసిన నొక్కుడు అందులో కొంతే. మిగిలిన బరువును ఫలకం మీది మరొక కవాటంతో పైకి ఆపి పట్టాలి. కొత్తగా నేర్చుకొనే వ్యక్తికి ఎక్కువకాలం పట్టేది ఈ మార్పును పోల్చుకోవడమే. నొక్కుతున్న చేయి ఏ రాడు దగ్గర ఆపే చేయిగా మారాలో గేజీ చూపుతుంది. మారకపోతే బిట్టు పళ్లు రాలిపోతాయి.

5. ముళ్లు చెప్పే నేల

తిప్పుడు గేజీలోని ముల్లు నిలకడగా ఉంటే రాయి ఏకశిల. అది ఎగసి పడుతూ ఉంటే పగుళ్లు వచ్చాయనో, బంకమట్టి బిట్టును పట్టుకొంటున్నదనో అనుమానించాలి. నొక్కుడు ఒక్కసారిగా తేలికై రాడు జారితే పగులో, మెత్తని పొరో తగిలింది. గాలి గేజీ నీటిని చెబుతుంది. ప్రతి 2.31 అడుగుల నీటినిలువు చదరపు అంగుళానికి ఒక పౌను చొప్పున సుత్తికి ఎదురొత్తిడి కలిగిస్తుంది. బోరులో 300 అడుగుల మేర నీరు నిలిస్తే ఆ ఎదురొత్తిడి 130 పౌన్లు. కొత్త రాడు కలిపి గాలి విడిచినప్పుడు ముల్లు ఎంత ఎత్తుకు లేచి దిగిందో గమనించినవారికి, ఆ కొద్ది విరామంలో బోరులో ఎంత నీరు ఊరిందో అంచనా దొరుకుతుంది. బయటికి వచ్చే పొడి రంగు, తడి, దాని ముక్కల పరిమాణం ఈ సూచనలను బలపరుస్తాయి.

రైతుకు ఈ సమాచారం ఎందుకు? బోరు ధర అడుగు లెక్కన ఉంటుంది. లోతు పెరిగేకొద్దీ అడుగు రేటు కూడా పెరుగుతుంది. కాబట్టి ప్రతి 20 అడుగులకూ రైతు ముందు ఒకే ప్రశ్న నిలుస్తుంది: ఇంకొక రాడు వేయమనాలా, చాలించమనాలా? అప్పు తెచ్చిన డబ్బుతో, ఎండిపోతున్న మామిడిచెట్లను తలచుకొంటూ ఆ నిర్ణయం తీసుకొంటాడు. గడచిన 5 రాడ్లలో తిప్పుడు ముల్లు కదలలేదు, పొడి ఒకే రంగులో ఉంది, గాలి ముల్లు లేవలేదు అన్న మూడు వాక్యాలు అతనికి తెలిస్తే నీరు పడుతుందో లేదో ఖాయంగా తేలకపోవచ్చు. కాని నిర్ణయానికి ఆశ కాక మరొక ఆధారం దొరుకుతుంది. డ్రిల్లరు ఈ మూడింటినీ చూస్తూనే ఉంటాడు. వాటిని రాడు రాడుకూ రాసిపెట్టే అలవాటు లేదు, అడిగే మాట రైతు దగ్గర లేదు.

నీరు పడిన తరువాత కూడా ఇదే చిక్కు. ‘రెండించుల నీళ్లు’ అన్న మాట వి ఆకారపు గంటు గల పలక మీదుగా పొర్లే నీటి ఎత్తుకు కొలత. 90 డిగ్రీల గంటులో ఒక అంగుళానికి గంటకు దాదాపు 510 లీటర్లు, రెండంగుళాలకు దాదాపు 2,900 లీటర్లు, మూడంగుళాలకు దాదాపు 8,000 లీటర్లు వస్తాయి. రెండు ఒకటికి రెట్టింపు కాదు, అయిదున్నర రెట్లకు పైన. కంటిచూపుతో చెప్పిన అర అంగుళం తేడా మోటారు కొనుగోలును తలకిందులు చేయగలదు.

6. లివరు మీద రాయదగిన తెలుగు

శాస్త్రగ్రంథాల పరిభాషను యథాతథంగా ఫలకం మీదికి ఎక్కిస్తే పని జరగదు. ‘పీడన ఉపశమన కవాటం’ అర్థవంతమైన సమాసమే, కాని లివరు మీది మాట చదవడానికి దొరికే వ్యవధి రెప్పపాటు. అక్కడ పనికివచ్చేది రెండు మూడు అక్షరాల క్రియ. ‘తిప్పు’, ‘దింపు’, ‘లేపు’, ‘ఆపు’ అటువంటివి. ‘లేపు’ బదులు ‘ఎత్తు’ అని రాస్తే చిక్కు వస్తుంది. అది క్రియ, నామవాచకం రెండూ అయినందున లోతు, ఎత్తుల కొలతగా పొరబడే అవకాశముంది. ‘ఒత్తిడి’కి మానసికార్థం ప్రబలినా యంత్రం దగ్గర సందిగ్ధత లేదు. ‘పీడనం’ కన్నా అదే మేలు. వాల్వు, గేజీ, రాడు, బిట్టు, కేసింగు అన్న మాటలను మార్చవలసిన పని లేదు. గేటువాల్వు తిప్పే రైతుకు కవాటం అనువదించి చెప్పవలసిన మాట.

పాకాల ప్రాంతంలో తమిళం చెవికి కొత్త కాదు. సిబ్బంది అనే ‘మేలే’, ‘కీళే’, ‘పోదుం’ అన్న మాటలు పలువురు రైతులకు అర్థమవుతాయి. అయితే కంప్రెషరు మోత మొదలైన తరువాత ఏ భాషా వినబడదు. అప్పుడు నడిచేది చేసైగలే. అందువల్ల మాట్లాడుకోవలసినవన్నీ ఇంజను పెట్టకముందే మాట్లాడుకోవాలి: 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం కోరిన అనుమతి, రిగ్గు నమోదు ఉన్నాయా, కేసింగు ఎన్ని అడుగులు, ఏ లోతు నుంచి ఏ రేటు, ప్రతి రాడుకూ మూడు ముళ్ల అంకెలు ఎవరు రాస్తారు, ‘చాలు’ అనడానికి ఏ సైగ.