కొత్త అక్వేరియంలో చేపల్ని వెంటనే ఎందుకు వేయకూడదు?

అద్దె ఇంట్లోకి కొత్త అక్వేరియం వచ్చింది. నీళ్లు తళతళలాడుతున్నాయి. అయినా చేపల్ని అప్పుడే వేయొద్దంటారు. ఎందుకో తెలుసా?

కుళాయి నీళ్లలో క్రిములు చావడానికి క్లోరిన్ కలుపుతారు. అది చేపల మొప్పలను దెబ్బతీస్తుంది. ఆ నీళ్లను బకెట్‌లో ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ చాలావరకు గాలిలోకి పోతుంది.

అంతటితో అయిపోలేదు! చేపలు అమ్మోనియా అనే విషాన్ని నీటిలోకి వదులుతాయి. చెరువులో అయితే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. దాన్ని మరో రకం బ్యాక్టీరియా అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తుంది. కొత్త తొట్టిలో ఈ మంచి బ్యాక్టీరియా తగినంత ఉండదు. రోజూ చిటికెడు మేత వేస్తే, అది కుళ్లినప్పుడు వచ్చే అమ్మోనియా ఈ బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. ఇలా అవి పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

త్వరగా కావాలా? పాలలో తోడు వేసినట్టే, బాగా నడుస్తున్న అక్వేరియం ఫిల్టర్‌లోని స్పాంజి ముక్క ఇందులో పెట్టండి.

ఒక్క మాట: 60 లీటర్ల తొట్టిలో నీళ్ల బరువే 60 కిలోలు. అందుకే గట్టి స్టాండు చూసుకుని, ఇంటి ఓనరుకు చెప్పాకే నీళ్లు నింపండి.