కుందేలున్న ఇంటికి సాంబ్రాణి కాదు, పులుపు కావాలి

కుందేలు స్వభావతః దుర్గంధం గల ప్రాణి కాదు. పిల్లి వలె తన ఒంటిని తానే నాకి శుభ్రపరచుకొంటుంది. దాని ఎండు పెంటికలకు వాసన దాదాపు ఉండదు. ఇంటిని పట్టి పీడించేది మూత్రమే. అందులోని యూరియా సూక్ష్మజీవుల వలన విచ్ఛిన్నమై అమ్మోనియా అనే ఘాటైన వాయువుగా మారుతుంది. గదిలోకి రాగానే ముక్కు అదిరి, కళ్లు మండేది దాని చేతనే.

గత వేసవిలో నందిగామ నుండి ఒక తల్లి తన చిన్నకుమార్తెను మా గరికపాడు తీసుకువచ్చింది. పిల్లకు రాత్రివేళ దగ్గు, పిల్లికూతలు. విచారించగా, పడకగది మూలన కుందేలు పంజరం ఉన్నదనీ, వాసన పోవడానికి ప్రతి సాయంకాలమూ తలుపులు బిగించి సాంబ్రాణి, గుగ్గిలం పొగ వేస్తున్నారనీ తెలిసింది. కుందేలు కూడ తుమ్ముతున్నదట! తండ్రి దానిని పొలాలలో వదలివేస్తానంటున్నాడు. పిల్ల అన్నం మానింది.

“అమ్మా, ముందు పొగ మానండి. పంజరాన్ని గాలి ఆడే నీడ వసారాకు మార్చండి. పిల్లను ఊపిరితిత్తుల డాక్టరుకు చూపండి, కుందేలు రోమం కొందరికి పడదు” అన్నాను. పొలాలలో వదలడం దానిని చంపడంతో సమానం. మన మెట్టచేలలో తిరిగే చెవులపిల్లి వేరు జాతి. దానిని పట్టడం 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుందేలుకు ఆ బ్రతుకు తెలియదు.

ధూపనం మన శాస్త్రంలో గొప్ప ప్రక్రియ. కాశ్యపసంహితలో ధూపకల్పమనే అధ్యాయమే ఉన్నది. అంతమాత్రాన పొగ కమ్మిన గదిలో ప్రాణిని మూసిపెట్టమని కాదు. కుందేలు ముక్కుతోనే శ్వాసిస్తుంది. కర్పూరం, కలరా ఉండలు, అగరువత్తులు, సుగంధ తైలాలు దాని దరికి రానీయరాదు.

తడి కనబడితే బూడిదయో సున్నమో చల్లడం మన ఇళ్లలో అలవాటు. తడిని పీల్చే మాట నిజమే. కాని రెండూ క్షారాలు. క్షారం తగిలితే అమ్మోనియా మరింతగా పైకి లేస్తుంది. పులుపు తగిలితే లవణంగా మారి నీటిలోనే నిలిచిపోతుంది, కడిగితే పోతుంది. కుందేలు మూత్రంలో సున్నపు అంశం అధికం కనుక తొట్టికి తెల్లని గార కడుతుంది. దానికీ పులుపే విరుగుడు. వినిగరు, సమానంగా నీరు కలిపి, లేదా నిమ్మరసమో చిక్కని చింతపండు రసమో పోసి, అరగంట నాననిచ్చి, కొబ్బరిపీచుతో తోమి, బాగా కడిగి ఎండలో ఆరబెట్టాలి. బ్లీచింగ్ పౌడరు మాత్రం వద్దు. మూత్రంతో గాని, పులుపుతో గాని కలిస్తే విషవాయువులు పుడతాయి.

కుందేలు సాధారణంగా ఒక మూలనే ఎన్నుకొంటుంది. అక్కడే వెడల్పాటి తొట్టి ఉంచి, అడుగున పాత వార్తాపత్రికలు, పైన బూజు లేని ఎండుగడ్డి పరచండి. తడిసినది ప్రతిదినం తీసివేయాలి. నాలుగు పెంటికలు మిగిల్చితే తన చోటును గుర్తుపడుతుంది. తీసిన పెంటికలు మల్లెపాదుకు మేలైన ఎరువు.

ఆహారదోషమూ వాసనకు కారణమే. రాత్రివేళ వెలువడే మెత్తని పెంటికలను కుందేలు తానే తింటుంది. అసహ్యించుకోనక్కరలేదు, అది దాని పోషణ. బిస్కట్లు, అరటిపండు మితిమీరితే వాటిని తినక విడిచివేస్తుంది, అవి వెనుక భాగానికి అంటుకొని కంపు కొడతాయి. ప్రధానంగా ఎండుగడ్డి, దానికి తోడు గరిక చాలు. మా ఊరి పేరులోనే గరిక ఉన్నది! అయితే పురుగుమందు చల్లే మిరప, పత్తి చేల గట్ల మీది గరికను కోయకండి.

మగ కుందేలు నాలుగైదు మాసాలు దాటాక గోడలకు మూత్రం చిమ్ముతుంది. దీనికి నా వద్ద మూలిక లేదు. పశువైద్యుని చేత శస్త్రచికిత్స చేయిస్తే చాలావరకు మానుతుంది. ఒక పూట మేత ముట్టకపోయినా ఆలస్యం చేయక ఆయన వద్దకే తీసుకువెళ్లండి.