వీడియో కాల్‌లో తప్పెటగుళ్లు ఎందుకు వినపడవు?

ఎండాకాలం వస్తే మన శ్రీకాకుళం, విజయనగరం ఊళ్లలో అమ్మవారి సంబరాలే కదా. అందులో తప్పెటగుళ్లు ఉంటే కదలబుద్ధి కాదు. ఇది తరాలుగా యాదవులు కాపాడుకొస్తున్న కళ. గుండె మీద గుండ్రటి తప్పెట, కాళ్లకు గజ్జెలు. రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఆడతారు.

మొన్న ఎచ్చెర్ల దగ్గర సంబరంలో, బెంగళూరులో ఉన్న ఫ్రెండ్‌కి వీడియో కాల్ చేశా. "గెంతుతున్నారు గానీ సౌండ్ రాట్లేదేటిరా?" అన్నాడు.

కారణం నాయిస్ సప్రెషన్. చాలా కాలింగ్ యాప్‌లు మనిషి మాటని ఉంచి, మిగతాది చప్పుడనుకుని తగ్గించేస్తాయి. తప్పెట కూడా వాటికి ఫ్యాన్ చప్పుడు లాంటిదే! అందుకే కాల్ కాకుండా, కెమెరాలో ఒక పాట పూర్తిగా రికార్డ్ చేసి పంపండి. ఊరికి రాలేనోళ్లకి అదే సంబరం.